చేత్తో అచ్చువేసే విత్తనాల పొట్లానికి ఏ కాగితం మేలు?

విత్తనాల పొట్లాలు చేసేవారిలో చాలామంది కాగితాన్ని కంటితోనే ఎంచుకుంటారు. చేతితో చేసిన నూలు కాగితపు గరుకుదనం, కత్తిరించని అంచులు, దానిపై చెక్క అచ్చు పడినప్పుడు కనిపించే లోతు చూడగానే మనసు అటే లాగుతుంది. పర్యావరణానికి కూడా అదే మంచిదై ఉంటుందని, చేతిపని అన్నాక హాని ఏముంటుందని నేనూ కొన్నేళ్లపాటు అనుకున్నాను. ఈ పొట్లం ఎంతకాలం నిలవాలి, ఇందులోకి ఏ విత్తనం వెళుతుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు తేల్చుకోకుండా కాగితం కొనడం పొరపాటని ఇప్పుడు నా అభిప్రాయం.

ఉల్లి విత్తనం ఏడాది, మహా అయితే రెండేళ్లు దాటేసరికి మొలక శాతం బాగా పడిపోతుంది. టమాటా, వంగ విత్తనాలు సరిగ్గా దాస్తే నాలుగైదేళ్లు నిలుస్తాయి. అందుచేత పొట్లం ఆయుష్షు లోపలి విత్తనం ఆయుష్షును మించవలసిన అవసరం లేదు. వందల ఏళ్లు చెక్కుచెదరని నూలు కాగితంలో ఏడాదికే సత్తువ కోల్పోయే ఉల్లి విత్తనాన్ని కట్టడం గుడిసెకు రాతి కోటగోడ కట్టడం లాంటిది. బరువు సంగతీ ఇంతే. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు కనుక 80 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) రకంలో ఒక్కో కాగితం 5 గ్రాములు ఉంటుంది. దాన్ని సగానికి కోసి మడిచిన పొట్లం 2.5 గ్రాములు తూగుతుంది. అదే పొట్లాన్ని 250 జీఎస్ఎం చేతి కాగితంతో చేస్తే దాదాపు 8 గ్రాములవుతుంది. రెండూ ఒకే గుజ్జుతో చేసినవైనా పీచు, ఆరబెట్టే శ్రమ, మోసుకెళ్లే భారం మూడింతలయ్యాయన్నమాట. లోపలి విత్తనాలు మాత్రం తరచుగా ఒకటి రెండు గ్రాములే. పని జరిగే కాగితాల్లో అన్నిటికన్నా పల్చనిదాన్ని తీసుకోవడమే ఈ పోలిక మొత్తానికీ నేను పెట్టుకున్న కొలమానం.

ఈ కొలమానంతో చూస్తే మొదటి స్థానం కొత్తగా తయారైన ఏ కాగితానికీ దక్కదు. ఒకవైపు మాత్రమే వాడిన కాగితం, పాత నోటుపుస్తకాల్లో మిగిలిపోయిన పుటలు, విప్పి తిరగేసిన పాత కవర్లు ఇప్పటికే మన చేతిలో ఉన్నాయి కాబట్టి వాటికోసం కొత్తగా చెట్టు కొట్టే పని గాని, గుజ్జు ఉడికించే పని గాని లేదు. రాత ఉన్న వైపును లోపలికి పెట్టి, ఖాళీ వైపున అచ్చు వేస్తే సరిపోతుంది. వెనుక అక్షరాలు కొంచెం తొంగిచూస్తాయి గనుక సన్నని గీతల అచ్చు వాటిలో కలిసిపోతుంది; గుమ్మడి ఆకు, చిక్కుడు కాయ వంటి నిండు ఆకారాల అచ్చు అయితే నిలబడుతుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. లేజర్ ప్రింటరులో అచ్చయిన అక్షరాలు నిజానికి కరిగించి అంటించిన ప్లాస్టిక్ పొడి; విత్తనానికి దానివల్ల ఇబ్బంది లేదు గాని, పొట్లాన్ని ఎరువు గుంటలో వేయమని చెప్పదలచుకుంటే అటువంటి కాగితాన్ని పక్కన పెట్టాలి. రెండోది, ఇతరుల పేర్లు, ఫోను నంబర్లు, ఖాతా వివరాలు ఉన్న కాగితాన్ని పొట్లం చేసి పంచిపెట్టకూడదు. ఇది పర్యావరణ విషయం కాకపోయినా, పొట్లం విప్పినవారు లోపలివైపు చదువుతారని మరచిపోవడం చాలా తేలిక.

మెరిసే క్యాలెండర్ కాగితం, పత్రికల రంగుల పుటలు కూడా ఈ కోవలోకే వస్తాయని అనిపిస్తుంది గాని, వాటిపై సన్నని సుద్దమన్ను పూత ఉంటుంది. నీటి రంగు ఆ పూత మీద జారుతుంది, మడత దగ్గర పూత పగిలి తెల్లని గీత పడుతుంది. వార్తాపత్రిక కాగితానిది మరో సమస్య. కలపను యంత్రంతో నూరి చేసిన గుజ్జు ఎక్కువగా వాడటంవల్ల అందులో కలప పీచులను అతికించి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం అలాగే మిగిలిపోతుంది. ఎండ తగిలితే పచ్చబడి, పెళుసెక్కి, మడతలో చిట్లుతుంది. ఈ వారం కట్టి వచ్చే వారం నాటేసే విత్తనానికి అది చాలు. అంతకుమించి దానిమీద ఆశ పెట్టుకోకూడదు.

పొట్లాలు వందల్లో కావలసినప్పుడు, అన్నీ ఒకే కొలతలో, ఒకే రంగులో ఉండవలసినప్పుడు వాడిన కాగితంతో నెగ్గుకురావడం కష్టం. అప్పుడు అసలు పోటీ గోధుమ రంగు క్రాఫ్ట్ కాగితానికీ చేతి కాగితానికీ మధ్యనే ఉంటుంది. క్రాఫ్ట్ అంటే జర్మన్ భాషలో బలం అని అర్థం. 1879లో కార్ల్ దాల్ అనే రసాయన శాస్త్రవేత్త రూపొందించిన ఆ పద్ధతిలో కలప ముక్కలను క్షారంలోను, సల్ఫైడులోను ఉడికించి లిగ్నిన్‌ను చాలావరకు తొలగిస్తారు. పొడవైన పీచు పెద్దగా దెబ్బతినకుండా మిగులుతుంది కనుక కాగితానికి ఆ పేరుకు తగిన బలం వస్తుంది. తెల్లబరచకుండా వదిలేస్తే మిగిలిన కొద్ది లిగ్నిన్ వల్ల గోధుమ రంగు నిలుస్తుంది. తెల్లబరచే దశ ఒకటి తప్పడం ఈ కాగితానికున్న నిజమైన లాభం.

ఆ రంగును చూసి మోసపోవడం కూడా ఇక్కడే జరుగుతుంది. గోధుమ రంగు ఉన్నంతమాత్రాన అది పాత కాగితం నుంచి వచ్చిందని కాదు. పూర్తిగా కొత్త కలపతో చేసిన క్రాఫ్టూ అదే రంగులో ఉంటుంది, పాత కాగితంతో చేసినదానికి ఆ రంగు అద్దడమూ ఉంది. కట్టమీది ముద్ర చదవడం ఒక్కటే దారి. అడవుల నిర్వహణ సరిగ్గా ఉందని ధ్రువీకరించే, 1993లో ఏర్పడిన ఎఫ్ఎస్‌సీ సంస్థ ముద్రల్లో మూడు రకాలున్నాయి. ‘100%’ అంటే అంతా ఆ సంస్థ ధ్రువీకరించిన అడవుల కలప. ‘రీసైకిల్డ్’ అంటే అంతా తిరిగి వాడిన పదార్థం. ‘మిక్స్’ అంటే వాటితోపాటు నియంత్రణకు లోబడిన ఇతర కలపను కూడా కలిపి చేసినది. చెట్టు బొమ్మ కనిపించగానే సంతృప్తి పడిపోకుండా, దాని కింద ఉన్న మాట ఈ మూడింటిలో ఏదో చూడాలి. పాత కాగితంలోనూ తేడా ఉంది: జనం వాడి పారేసినదాన్ని సేకరించి చేసినది ఒకటి, కర్మాగారంలోనే మిగిలిన కోత ముక్కలతో చేసినది మరొకటి. మొదటిదానికే ఎక్కువ విలువ ఇవ్వాలి, ఎందుకంటే అది లేకపోతే ఆ కాగితం చెత్తకుప్పకు చేరేది.

బలం విషయంలో మాత్రం కొత్త క్రాఫ్టుదే పైచేయి. గుజ్జు చేసిన ప్రతిసారీ పీచు పొట్టిబారుతుంది. సాధారణంగా ఐదు నుంచి ఏడు సార్లకు మించి పీచు పనికిరాదని చెబుతారు. అందువల్ల పాత కాగితంతో చేసిన 80 జీఎస్ఎం క్రాఫ్టులో చిక్కుడు, గుమ్మడి వంటి బరువైన, మొనదేలిన విత్తనాలు పోస్తే మూల దగ్గర చిరుగు పడవచ్చు. కొనేముందు ఒక ముక్కను మడిచి, మడతను గోటితో గట్టిగా గీసి, విప్పి, అదే గీతమీద వెనక్కి మడవండి. రెండోసారికి గీత వెంట పొడి రాలినా, వెలుతురుకు పట్టి చూస్తే చుక్కలు చుక్కలుగా కాంతి కనిపించినా ఆ కాగితం పొట్లానికి పనికిరాదు. ఈ పరీక్షను పీచు వాటం వెంట ఒకసారి, వాటానికి అడ్డంగా ఒకసారి చేయాలి. యంత్రం మీద తయారైన కాగితంలో పీచులు ఎక్కువగా ఒకే వాటంలో పరుచుకుంటాయి. చింపితే ఒకవైపు తిన్నగా, మరోవైపు వంకరగా చిరగడమే దానికి గుర్తు. పొట్లంలో పొడవైన మడతలు వాటం వెంట పడేటట్టు కత్తిరిస్తే సగం సమస్యలు ఉండవు. ఈ చిన్న సంగతి తెలియక, మడతలు విచ్చుకుంటున్నాయని జిగురు మీద జిగురు పూసినవారిలో నేనూ ఒకణ్ని.

చేతి కాగితం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దానిమీదే భ్రమలూ ఎక్కువ. దర్జీ పనిలో మిగిలిన నూలు బట్ట ముక్కలతో చేసినదైతే దానికోసం చెట్టు కొట్టలేదు; నూలులో లిగ్నిన్ ఇంచుమించు ఉండదు గనుక ఉడికించే రసాయనాల అవసరమూ తక్కువే. రంగు బట్టలను వేరుచేసి గుజ్జు చేస్తే రంగు కలపకుండానే రంగు కాగితం వస్తుంది. ఎండలో ఆరబెడితే ఇంధన ఖర్చూ తగ్గుతుంది. ఇవన్నీ నిజమే, కానీ వీటిలో ఏ ఒక్కటీ ‘చేతి కాగితం’ అన్న మాటలో ఇమిడి లేదు. ముక్కల్లో పాలియెస్టర్ కలిసి ఉంటే కాగితంలో ప్లాస్టిక్ పోగులుంటాయి. తెల్లదనం కోసం క్లోరిన్ ద్రావణంలో నానబెట్టి ఆ నీటిని శుద్ధి చేయకుండా వదిలేసే చోట తయారైనదైతే, తెల్లబరచని యంత్ర కాగితమే దానికన్నా నయం. గుజ్జు నూరడానికీ కడగడానికీ నీరు బాగా కావాలి; ఆ నీటిని మళ్లీ వాడుతున్నారా లేదా అన్నది అడిగి తెలుసుకోవలసిందే. అమ్మేవారిని నాలుగు ప్రశ్నలు అడగండి: బట్ట ఎక్కడిది, దేనితో తెల్లబరిచారు, నీరు ఎటు పోతుంది, సిరా పాకకుండా కాగితానికి పట్టించిన గంజి దేనిది. జవాబు చెప్పగలిగిన చోట కొనడమే నా పద్ధతి.

పొట్లంగా దాని నడత కూడా చూడాలి. పీచు అన్ని వైపులకూ అల్లుకొని ఉండటంవల్ల ఎటు మడిచినా దాదాపు ఒకే తీరుగా మడుస్తుంది, అది మంచి గుణం. మందం మాత్రం సమంగా ఉండదు. అందమైన ఆ అంచులను పొట్లం కొలతకు కత్తిరించక తప్పదు కనుక దేన్ని చూసి కొన్నామో అదే చివరికి కోత ముక్కల కుప్పలో పడుతుంది. లోపలి గరుకు మీద క్యారెట్ విత్తనాల నూగు పట్టుకొని రాదు. పొట్లం ఎంత దులిపినా పది గింజలు అంటుకునే ఉంటాయి. బీర, కాకర, చిక్కుడు విత్తనాలకు ఆ బాధ లేదు.

అచ్చు వేసేటప్పుడు ఈ కాగితాల మధ్య తేడా మరింత స్పష్టంగా తెలుస్తుంది. నా మొదటి కట్ట చేతి కాగితానికి గంజి పట్టించలేదని నాకు తెలియదు. కాకర ఆకు చెక్కిన అచ్చుకు నీటి రంగు పూసి అద్దాను. అచ్చు ఎత్తిన క్షణంలో ఈనెలన్నీ విడివిడిగానే కనిపించాయి. చూస్తుండగానే ఒక్కో ఈనె అంచునుంచి వెంట్రుకలంత సన్నని పాయలు పీచు వెంట పాకి, పక్క ఈనె పాయలతో కలిసిపోయాయి. నిమిషంలో ఆకు పోయి ఆకుపచ్చ మరక మిగిలింది. అప్పటినుంచి ఏ కాగితం మీదనైనా ముందు ఒక నీటిచుక్క వేసి చూస్తున్నాను. చుక్క వెంటనే ఇంకి వెడల్పుగా పరుచుకుంటే దానిపై సన్నని పని చేయకూడదు. కొద్దిసేపు గుండ్రంగా నిలిచి తర్వాత నెమ్మదిగా ఇంకితే అచ్చుకు అనువైనది. ఎంతసేపైనా ఇంకకుండా జారిపోతే పూత ఉందన్నమాట.

క్రాఫ్ట్ కాగితం ఈ పరీక్షలో సాధారణంగా నెగ్గుతుంది. దాని లోపం రంగు దగ్గర బయటపడుతుంది. అచ్చు సిరాలు చాలావరకు పలుచగా, కింది రంగు కనిపించేటట్టు ఉంటాయి కనుక గోధుమ రంగు మీద పసుపు మురికిగా, లేత ఆకుపచ్చ బురదగా మారతాయి. నలుపు, ముదురు నీలి, ఇటుక ఎరుపు చక్కగా నిలుస్తాయి. ఒకే రంగు అచ్చు వేసేవారికి ఇది లోపమే కాదు, మూడు రంగుల పువ్వు వేయాలనుకునేవారికి మాత్రం తెల్లబరచని నూలు కాగితపు లేత మీగడ రంగే మేలు. చేతి కాగితపు ఎత్తుపల్లాల్లో సిరా చేరని చుక్కలు మిగులుతాయి. అచ్చు కింద మెత్తని బట్ట మడతలు పరచి అద్దితే కొంత తగ్గుతాయి. కాగితాన్ని కాస్త తడిపి అద్దితే మరింత తగ్గుతాయి గాని, ఆ తడి పూర్తిగా ఆరేవరకు, అంటే కనీసం ఒకటి రెండు రోజులు, విత్తనాన్ని దగ్గరికి రానీయకూడదు.

సిరా గురించి ఒక్క మాట. ‘నీటితో చేసినది’ అని రాసి ఉన్న సిరాల్లో, బట్టలపై అద్దే రంగుల్లో చాలావాటికి జిగట ఇచ్చేది యాక్రిలిక్. ఆరాక అది సన్నని ప్లాస్టిక్ పొరే. అవిసె నూనెలో దీపపు మసి కలిపిన నల్ల సిరా ఆరడానికి రోజులు తీసుకున్నా, ఎరువు గుంటకు వెళ్లే పొట్లానికి అదే తగినది. కాగితం ఎంత శ్రద్ధగా ఎంచుకున్నా, దానిమీద బంగారు మెరుపు పొడి చల్లితే ఆ శ్రద్ధంతా వృథా.

మిగిలిన కాగితాలను త్వరగా చూద్దాం. హిమాలయాల్లో పెరిగే డాఫ్నే పొద బెరడుతో నేపాల్‌లో చేసే లోక్తా, జపాన్‌లో కోజో మొక్క బెరడుతో చేసే కాగితం బెరడు జాతివి. కలప పీచు సాధారణంగా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు ఉంటే కోజో పీచు దాదాపు పది మిల్లీమీటర్లు ఉంటుంది. అందుకే ఎంతో పల్చగా చేసినా చిరగదు, జపాన్ చెక్క అచ్చు చిత్రాలు చాలావరకు దానిమీదే వెలిశాయి. కొమ్మలు కొట్టినా మొక్క తిరిగి చిగురిస్తుంది. పల్చని కాగితమే మేలన్న నా కొలమానానికి ఇది అన్నిటికన్నా బాగా సరిపోతుంది, అయితే అది తయారయ్యే ప్రాంతానికి దగ్గరలో ఉన్నవారికి మాత్రమే. ఖండాలు దాటించి తెప్పించుకొని తోటకూర విత్తనాలు కట్టడాన్ని నేను సమర్థించలేను.

గ్లాసిన్ అనే నున్నని పాలవన్నె కాగితాన్ని తపాలా బిళ్లలు సేకరించేవారు బాగా ఎరుగుదురు. గుజ్జును బాగా నలగగొట్టి, కాగితాన్ని వేడి రోలర్ల మధ్య నొక్కడంవల్ల ఆ నునుపు వస్తుంది. పైపూత లేనిదైతే మట్టిలో కలుస్తుంది. దానిపై అచ్చు నిలవదు, నీటి రంగు పూసలు కట్టి జారుతుంది. సన్న విత్తనాలకు లోపలి పొట్లంగా మాత్రం దానికి సాటి లేదు. తోటకూర విత్తనాలు గ్రాముకు వెయ్యికి పైనే తూగుతాయి. జిగురు అంటించిన మూలలో సూదిమొనంత సందున్నా ఒక్కొక్కటిగా కారిపోతాయి. చేతి కాగితంలో కట్టి సంచిలో వేసుకున్న తోటకూర పొట్లం ఒకటి ఇంటికి చేరేసరికి సగమై, మిగతా సగం సంచి కుట్లలో నల్లగా మెరుస్తూ కనిపించింది. వెన్న కాగితం పేరుతో దొరికేది గ్లాసిన్‌కు బదులు వాడాలనుకుంటే అది సిలికాన్ పూత ఉన్న వంటగది రకం కాకుండా చూసుకోవాలి. ఇక రాతి కాగితం పేరుకు చెట్టు లేనిదే గాని, సున్నపురాయి పొడిని ప్లాస్టిక్‌తో కలిపి చేసిన పలక అది, మట్టిలో కుళ్లదు. విత్తనాలు గుజ్జులోనే కలిపిన కాగితం శుభలేఖలకు ముచ్చటగా ఉంటుంది, విత్తనాల పొట్లానికి అక్కరలేదు: ఒక విత్తనం కోసం పొట్లం కట్టి, ఆ పొట్లంలో వేరే విత్తనం దాచడమంటే నాటేవారికి కలుపు తీసే పని పెట్టడమే.

‘కాగితం ఊపిరి పీల్చుకుంటుంది, అందుకే విత్తనానికి మంచిది’ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఇందులో సగమే నిజం. పూర్తిగా ఆరని విత్తనాన్ని ప్లాస్టిక్‌లో బిగిస్తే బూజు పడుతుంది, కాగితంలో ఉంచితే ఆ చెమ్మ బయటికి పోతుంది. అదే దారిలో వానాకాలపు చెమ్మ లోపలికీ వస్తుంది. విత్తన నిల్వకు హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ప్రకారం విత్తనంలో తేమ ఒక్క శాతం తగ్గినా, నిల్వచేసే చోట వేడి సుమారు 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా, విత్తనం ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. పైన చెప్పిన చెట్టు, బట్ట, బెరడు కాగితాల్లో ఏదీ ఆ తేమను ఆపలేదు. అందుచేత ఏది మేలన్న చర్చలో విత్తనం భద్రతను గెలుపు కారణంగా చూపించడం సరికాదు. పొట్లాలన్నిటినీ కలిపి గట్టి మూత ఉన్న గాజు సీసాలో, తేమ పీల్చే సిలికా పూసలతో ఉంచితే ఏ కాగితమైనా ఒకటే.

కాబట్టి చేతులు మారి వెంటనే నాటే విత్తనాలకు ఒకవైపు వాడిన కాగితం. వందల పొట్లాలకు జనం వాడిన కాగితం నుంచి చేసిన 80 నుంచి 100 జీఎస్ఎం తెల్లబరచని క్రాఫ్ట్. బరువైన గింజలకు అదే మందంలో కొత్త క్రాఫ్ట్. సన్న విత్తనాలకు లోపల చిన్న గ్లాసిన్ మడత. చేతి కాగితాన్ని పూర్తిగా వదులుకోవడం నాకూ ఇష్టం లేదు. అందుకని ఇప్పుడు పొట్లాన్ని క్రాఫ్టుతో, అచ్చును చేతి కాగితంతో వేరుచేశాను. 4 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవున్న 120 జీఎస్ఎం నూలు కాగితపు పట్టీ ముప్పావు గ్రాముకన్నా తక్కువే తూగుతుంది. అచ్చంతా దానిపైనే వేసి, చివర్లలో చిన్న గాట్లు పెట్టి, పొట్లం చుట్టూ తిప్పి ఒకదానిలో ఒకటి దూరుస్తాను. జిగురు పని లేదు కనుక పిండి జిగురుకు చేరే బొద్దింకల బెడదా లేదు. కోత ముక్కల్లోంచే కావలసినన్ని పట్టీలు వస్తాయి, అచ్చు తప్పితే పోయేది పట్టీ ఒక్కటే, విత్తనాలు అయిపోయాక దాన్ని తీసి కొత్త పొట్లానికి తొడగవచ్చు. రకం పేరు, కోసిన సంవత్సరం మాత్రం పట్టీ మీద కాకుండా పొట్లం మీదే పెన్సిలుతో రాస్తాను: పెన్సిలు రాత తడికి కారదు, ఎండకు వెలవదు, పట్టీ మీద రాసిన ఏడాది బీర పొట్లాలకు కాకర పట్టీలు చేరాయి.